పోపుకీ చిమ్నీకీ ఏమిటి సంబంధం?

మొన్న జనవరిలో ఒక పొద్దున. అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో మా అమ్మాయి, అల్లుడు కొనుక్కున్న చిన్న చెక్క ఇల్లు. బయట మైనస్ 23 డిగ్రీలు. కింది గదిలో ఇనప స్టవ్‌లో కట్టెలు పేర్చి ముట్టించానో లేదో, పొగ గుప్పున ముఖాన కొట్టింది. మేడమీద అలారం మోగింది. అల్లుడు గబగబా మెట్లు దిగొచ్చి, "అత్తయ్యా, మీరు ఇవతలికి వచ్చేయండి" అంటూ కిటికీ తెరిచాడు. రెండు మూడు నిమిషాల్లో మంట లేచి నిలబడింది. పొగ బుద్ధిగా చిమ్నీలోకి వెళ్లిపోయింది.

కట్టెలు అవే, స్టవ్ అదే. కిటికీ తీస్తే ఏం మారింది? ఆ సంగతి తేలేదాకా నాకు స్థిమితం లేదు.

పదేళ్లప్పటి నుంచీ ఊదుగొట్టం పట్టిన చెయ్యి నాది. తుమ్మ కట్టె నిప్పు ఎంతసేపు నిలుస్తుందో, సర్వి పుల్లలు ఎలా భగ్గుమంటాయో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ మా పెంకుటింట్లో పొగ ఎటు పోవాలన్న ఆలోచన ఎవరూ చేయలేదు. పెంకుల సందుల్లోంచి పోయినంత పోయేది, మిగిలింది అమ్మ కళ్లలోకి, గుండెల్లోకి పోయేది. ఆవిడ దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే పొగ విషయంలో నేను ఊరుకోలేను.

చిమ్నీని లాగేది వేడి. వేడెక్కిన గాలి తేలికై గొట్టంలో పైకి పోతుంటే, ఆ ఖాళీలోకి గదిలోని గాలి స్టవ్ గుండా వస్తుంది. గొట్టం ఎంత ఎత్తుంటే, లోపలికీ బయటికీ వేడిలో ఎంత తేడా ఉంటే, అంత గట్టిగా లాగుతుంది. మా వాళ్ల చిమ్నీ ఉత్తరపు గోడకి బయట ఉంది. రాత్రి మంట ఆరిపోతే తెల్లారేసరికి అందులో గడ్డకట్టే చలిగాలి బరువుగా దిగి, సీసాకి బిరడా పెట్టినట్టు కూర్చుంటుంది. దానికి తోడు ఇల్లంతా కూడా ఒక చిమ్నీయే. వెచ్చటి గాలి మేడమీద సందుల్లోంచి బయటికి పోతుంటే, కింది గది ఎక్కడ దొరికితే అక్కడి నుంచి గాలి లాక్కుంటుంది.

ఆ పొద్దున ఇంకొకటి కూడా జరిగింది. పైన మా అమ్మాయి పప్పులోకి పోపు పెడుతోంది. ఎండుమిర్చి ఘాటుకి తట్టుకోలేక వంటింటి ఫ్యాన్ పెద్ద స్పీడులో పెట్టింది. చలికి సందులు వీలైనంత మూసి బిగించిన ఇల్లు అది. ఫ్యాన్ బయటికి తోసేసిన గాలికి బదులు గాలి ఎక్కణ్నుంచి రావాలి? తెరిచి ఉన్న దారి చిమ్నీ ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే ఒక అగరుబత్తి వెలిగించి, చల్లారిన స్టవ్ తలుపు కొంచెం తీసి అక్కడ పట్టుకున్నాను. ఫ్యాన్ ఆపి ఉంటే ఆ సన్నటి పొగ నిటారుగా లేచింది. ఫ్యాన్ వేయమన్నాను. పొగ తీగ నెమ్మదిగా నా వైపు వంగి, చీర కుచ్చిళ్ల దాకా వచ్చింది. అదే గదిలో కిటికీ ఒక వేలెడు తీసి, స్టవ్ లోపల గొట్టం నోటి దగ్గర రెండు న్యూస్‌పేపర్ కాగితాలు నలిపి ముట్టిస్తే, ఈసారి పొగ తీగ లోపలికి పరుగెత్తింది.

ఈ జబ్బు పాతదే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో ఫ్రాన్స్ నుంచి ఫిలడెల్ఫియాకి ఓడలో తిరిగివస్తూ, పొగ కక్కే చిమ్నీల మీద ఇంగెన్‌హౌజ్ అనే డాక్టరుకి పెద్ద ఉత్తరం రాశాడు. తొమ్మిది కారణాలు చెప్పాడు. మొట్టమొదటిది, బిగుతుగా కట్టిన కొత్త ఇంట్లో గాలి చాలకపోవడం. మంటకి ఎంత గాలి కావాలో తేల్చడానికి, పొగ ఆగేదాకా తలుపు తీసి, మళ్లీ మెల్లగా మూస్తూ ఎంత సందు మిగలాలో చూడమన్నాడు. ఆ ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది.

గాలి ఒక్కటే కాదు, కట్టెల్లోనూ తేడా ఉంది. ఎండినవేనని చెప్పి అమ్మిన కట్టెని చీల్చి తేమ మీటర్ గుచ్చితే 32 శాతం చూపించింది. 20 లోపు ఉండాలి. ఓక్ లాంటివి చీల్చి పేర్చాక రెండేళ్లు పడుతుంది. పచ్చికట్టె వేడంతా తన నీళ్లు ఆవిరి చేసుకోవడానికే సరి. చిమ్నీ చల్లగా ఉండిపోయి, పొగ గోడలకి తారులా పేరుకుంటుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. ఒక్కోసారి అదే అంటుకుని చిమ్నీ మొత్తం మండుతుంది.

చిమ్నీ ఎత్తు బాగానే ఉంది. కప్పుని దాటి మూడడుగులు, పదడుగుల లోపున్న దేనికన్నా రెండడుగులు పైకి ఉండాలన్నది అక్కడి నియమం. కానీ శుభ్రం చేయడానికి వచ్చినతను పైనుంచి టోపీ జాలీ ఊడదీసి తెచ్చి చూపిస్తే నా కడుపులో తిప్పింది. జాలీ కళ్లు సగానికి పైగా నల్లటి పెంకుతో పూడిపోయాయి. గోటితో గీకితే మెరిసే పెచ్చులు ఊడాయి. రాత్రంతా నిప్పు నిలవాలని గాలి బొత్తిగా బిగించేవాళ్లం కదా, దాని ఫలితమిది. నిగనిగా మండే చిన్న మంట, కుమిలే పెద్ద మంటకన్నా వెయ్యి రెట్లు మేలు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది నిప్పు చల్లారే వేళ. చిమ్నీ చల్లబడి లాగడం తగ్గుతుంది, బొగ్గులు మాత్రం ఎర్రగానే ఉంటాయి. అప్పుడు వెనక్కి తిరిగేది కార్బన్ మోనాక్సైడ్. పొగ ఉండదు, వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పడకగది దగ్గర దానికి వేరే అలారం పెట్టించాకే నేను ఆ ఇంట్లో నిద్రపోయాను.

ఈ చలికాలం సెలవులకి అలాంటి చెక్క ఇళ్లు అద్దెకి తీసుకునే మన పిల్లలు అక్కడ ఎందరో. అమ్మలూ, నాయనలూ, ఫోన్ చేసినప్పుడు ఈ రెండు మాటలు చెప్పండి. వెళ్లగానే ఆ అలారం ఉందో లేదో చూడమనండి. స్టవ్ వెలుగుతుండగా పోపు పెట్టాల్సి వస్తే, ఫ్యాన్ వేసేముందు స్టవ్ ఉన్న గదిలో కిటికీ వేలెడు తీయమనండి.