గట్టు నిలిచాకే గోంగూర

జంషెడ్‌పూర్‌లోని కద్మాలో మా పెరడు ఖర్కాయి నది వైపు వాలుగా దిగుతుంది. కొన్నేళ్లు పట్టించుకోకపోయేసరికి లాంటానా తలెత్తు పెరిగింది, సందుల్లో వయ్యారిభామ చేరింది. చూసినవాళ్లందరిదీ ఒకటే సలహా: "జేసీబీ పెట్టించండి, ఒక్క పూటలో తెమిలిపోతుంది." తెమిలిపోయేది మట్టి కూడా. ఛోటానాగపూర్ ఎర్రనేలకు వేళ్ల పట్టు తప్పిందా, వేసవిలో వచ్చే మొదటి కాలబైశాఖి గాలివానకే చాళ్లు పడుతుంది. పైమట్టి ఖర్కాయిలో పడి, దొముహానీ దగ్గర సువర్ణరేఖలో కలుస్తుంది.

వాలును నిలబెట్టే విద్య మనకు దూరపుదేమీ కాదు. టాటా కర్మాగారంలో పనికని ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లలో చాలామందిది శ్రీకాకుళం వైపు. ఆ పక్కనే సీతంపేట కొండల్లో, సరిహద్దు దాటితే ఒడిశాలోని గజపతి జిల్లాలో, సవరలు కొండను మెట్లు మెట్లుగా కోస్తారు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, ఆ మడుల్లో వరి పండిస్తారు. సందుల్లోంచి నీరు దిగిపోతుంది, మట్టి ఆగుతుంది. ఇంతే కిటుకు. మా వీధిలో ఒకాయన సిమెంటు గోడ కట్టించి, నీరు పోయే రంధ్రాలు వదలలేదు. రెండో శ్రావణానికి అది కడుపుబ్బి కూలింది.

మా పెరట్లోనూ ఆ మెట్ల పద్ధతే పట్టాం. ముందు వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో గీత గీయాలి. తాపీమేస్త్రీల లెవెల్ పైపు చాలు. రెండు కొసల్లో నీరు సమంగా నిలిచిన చోట మేకులు కొట్టి, సున్నంతో కలుపుకుంటూ పోవాలి. కంటి అంచనాతో వేసిన నా మొదటి వరస ఒకచోట బెత్తెడు దిగింది. వాననీరంతా అక్కడికే చేరి గండి కొట్టింది.

తొలకరికి ఆ గీతల మీద రాళ్లు, రాళ్లు చాలనిచోట వట్టివేరు పిలకలు పెట్టాలి. పిలకకూ పిలకకూ 10–15 సెంటీమీటర్లు మించకూడదు. దాని వేళ్లు పక్కలకు పోకుండా మూడు మీటర్ల లోతుకు దిగుతాయి. తడికల కోసం తవ్వుకుందామన్న ఆశ మాత్రం వదులుకోవాలి.

ఆ తర్వాతే లాంటానా, అదీ ఒక్కో పట్టీగా, నేల మెత్తబడ్డాక. మోకాలెత్తున నరికితే రెట్టింపు గుబురుగా లేస్తుంది. తగలబెట్టినా మొదలు చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం చెప్పిన పద్ధతి నాకు నచ్చింది: మోడు వేరుగా మారే చోటుకు కిందగా, మట్టి లోపల తల్లివేరును తెగ్గొట్టాలి. చిగుళ్లు పుట్టేది ఆ సంధిలోనే. పెకలించిన పొదను తలకిందులుగా ఎండబెడితే మళ్లీ వేరుపట్టదు. పిట్టలు వేసిన గింజల మొలకలు వస్తూనే ఉంటాయి, పీకుతూనే ఉండాలి. వయ్యారిభామను పూతకు ముందే, చేతికి గుడ్డ చుట్టుకుని లాగాలి. లేకపోతే దురదలు.

ఖాళీ అయిన పట్టీని వారం కూడా బోసిగా ఉంచకూడదు. పైమెట్టున మునగ, దాని నీడన పసుపు, అడుగున చెమ్మలో చేమ వేశాం. మధ్య మెట్టంతా ఊరి నుంచి తెచ్చిన ఎర్ర గోంగూరే. పక్కింటి ఝార్ఖండీ ఆవిడ దాన్ని చూసి "కుద్రుమ్!" అంది. మేం ఆకులు దూసుకుంటుంటే గోడ అవతలి నుంచి వారించింది. కాయల చుట్టూ ఉండే ఎర్ర రేకులతో చట్నీ చేస్తారట, అన్నీ దూసేస్తే కాయలెక్కణ్ణుంచి వస్తాయని. చివరి వరస ఆవిడకు వదిలేశాం.