గంటలో ముగియవలసిన కథ: 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' పాఠం, పాఠాంతరాలు

ఈ భాగంలో మీరు చదవబోయేది ఒక వీడియో గేమ్ మీద విమర్శ. సాహిత్య విమర్శ పాఠాల నడుమ ఆటకు చోటేమిటని మీకు అనిపిస్తే అది సహజమే. అయితే కిందటి భాగాల్లో మీరు పాఠాంతరం, ప్రక్షిప్తం, లేఖకదోషం అనే మాటలు నేర్చుకున్నారు. సి.పి.బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను పోగుచేయించి, ఒకదానితో ఒకటి పోల్చి చూసిన తీరు చదివారు. ఆ పని తాటాకులతో ముగిసిపోలేదు. ఫ్లాపీ డిస్కు మీద పుట్టిన రచనకూ ప్రతులుంటాయి, ప్రతికీ ప్రతికీ తేడాలుంటాయి, శిథిలం కావడం ఉంటుంది. తాటాకు వందల ఏళ్లు ఓర్చుకుంటుంది. ఫ్లాపీ ముప్పై ఏళ్లు ఓర్చుకుంటే గొప్ప.

మనం తీసుకుంటున్న ఉదాహరణ 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. అమెరికాకు చెందిన జోర్డన్ మెక్నర్ దీన్ని ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రూపొందించాడు. 1989లో బ్రోడర్‌బండ్ సంస్థ విడుదల చేసింది. మరుసటి ఏడాది డాస్ కంప్యూటర్లకు వచ్చింది. నేను ఎరిగినది ఈ డాస్ ప్రతినే. 1990లలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో బేసిక్ నేర్చుకోవడానికి చేరాను. సాయంత్రం మాస్టారు ఇంటికి వెళ్లగానే ఎవరో ఒకరు జేబులోంచి ఫ్లాపీ తీసేవారు. బేసిక్ మరిచిపోయాను గాని, నలుపు తెలుపు మానిటర్ మీద ఆ రాకుమారుడు గోడ అంచు పట్టుకుని వేళ్లాడిన తీరు మరిచిపోలేదు. ఇప్పటికీ ఏడాదికొకసారైనా ఆ ఆట ఆడతాను. కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది. మీరు దాన్ని లెక్కలోకి తీసుకునే చదవండి.

కథ, కాలం

సుల్తాను యుద్ధానికి వెళ్లాడు. వజీరు జాఫర్ సింహాసనం కోసం రాకుమారిని బంధించి, తనను పెళ్లాడటమా చావటమా తేల్చుకొమ్మని ఒక గంట గడువిచ్చాడు. ఆమె ప్రేమించిన యువకుడు చెరసాలలో ఉన్నాడు. 'పాతాళభైరవి' చూసిన మనకు ఇందులో కొత్తదనం కనిపించదు. అక్కడి తోటరాముడిలాగే ఇక్కడి నాయకుడు కూడా పుట్టుకతో రాకుమారుడు కాడు, పరదేశి. కథ దగ్గరే ఆగితే ఈ ఆటను మెచ్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఇందులోని పర్షియా ఇరాన్ చరిత్రలోది కాదు, హాలీవుడ్ సినిమాల్లోది. రాకుమారి చేసేదల్లా ఇసుక గడియారం ముందు ఎదురుచూడటం. ఎనిమిదో లెవెల్లో ఆమె పంపిన తెల్ల ఎలుక వచ్చి మూసుకుపోయిన తలుపు తెరుస్తుంది. ఆట మొత్తంలో కథను కదిలించే ఆమె చర్య అదొక్కటే. ఈ లోపాన్ని దాచిపెట్టి రచనను పొగడటం విమర్శ అనిపించుకోదు.

కథలో లేని బలం కాలంలో ఉంది. కథలోని గంట, ఆడేవారి గంట ఒక్కటే. అరవై నిమిషాలంటే నిజంగా అరవై నిమిషాలు. ముళ్ల మీద పడి చనిపోతే ఆట అయిపోదు, ఆ లెవెల్ మొదటినుంచి మళ్లీ మొదలవుతుంది. కాని గడియారం వెనక్కి తిరగదు. ఇక్కడ చావుకు శిక్ష నిమిషాలు పోవడం. అందుకే ఆడేవాడిలో భయం కన్నా తొందర ఎక్కువ. తొందరలో తప్పటడుగు, తప్పటడుగు వల్ల మరింత తొందర.

ఈ తొందరకు ఎదురు నిలిచేది ఆ దేహం. మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుండగా, దూకుతుండగా వీడియో తీసి, ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా గీసుకుని బొమ్మకు కదలిక ఇచ్చాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమా ఆధారం. ఫలితంగా ఈ రాకుమారుడికి బరువుంది. పరుగెత్తేవాడు మీట వదలగానే ఆగడు, మరో అడుగు జారి ఆగుతాడు. దూకాలంటే అడుగు ముందే నిర్ణయించుకోవాలి. గడియారం త్వరపడమంటుంది, దేహం ఆగమంటుంది. ఈ ఆట రసం ఆ రెంటి మధ్య ఉందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కర్లేదు. కాని ఒప్పుకోకపోతే ఆడి చూసి, ఎక్కడ ఒప్పుకోలేదో రాయండి.

ఇక నీడ సంగతి. ఆపిల్ 2లో జ్ఞాపకశక్తి చాలా తక్కువ. రాకుమారుడి చిత్రాలతోనే చోటు నిండిపోయింది, మరో పాత్రకు జాగా లేదు. అప్పుడు మెక్నర్ అవే చిత్రాలను చిన్న గణిత కిటుకుతో మార్చి మిణుకుమిణుకుమనే మరో మనిషిని పుట్టించాడు. నాలుగో లెవెల్లో దారికి అడ్డంగా ఒక అద్దం ఉంటుంది. పరుగెత్తి దాని గుండా దూకితే, అవతలి నుంచి నాయకుడి నీడ బయటపడి వెళ్లిపోతుంది, నాయకుడి ప్రాణశక్తి ఒక్క చుక్కకు పడిపోతుంది. ఆ తరువాత ఆ నీడ ఒకచోట మందు సీసా కాజేస్తుంది, మరొకచోట తలుపు మూసి నాయకుణ్ణి కింద పడేస్తుంది. చివరకు పన్నెండో లెవెల్లో కత్తితో ఎదురవుతుంది. దాన్ని కొడితే దెబ్బ మనకే తగులుతుంది. ఎన్నిసార్లు ఆడినా గెలుపు లేదు. కత్తి ఒరలో పెట్టి ఎదురు నడిస్తే నీడ మనలో కలిసిపోతుంది. ఆ తరువాత శూన్యంలోకి అడుగు వేస్తే కాలి కింద వంతెన పుడుతుంది.

ఒక్క మాట కూడా రాయకుండా ఇది చెప్పగలిగాడు. చోటు చాలక చేసిన పని రచనకు గుండె అయింది. ఛందస్సు కట్టడిలో కవికి కొత్త మాట తోచడాన్ని మీరు ప్రబంధ పాఠాల్లో చూశారు. దానికీ దీనికీ పోలిక తెచ్చి ఒక పేజీ రాసి చూడండి, ఆపై ముందుకు సాగండి.

ఏది అసలు పాఠం?

ఈ ఆటకు చాలా ప్రతులున్నాయి. 1992లో సూపర్ నింటెండో యంత్రానికి చేసిన ప్రతిలో ఇరవై లెవెళ్లు, రెండు గంటల గడువు. మెకింటాష్ ప్రతిలో బొమ్మలన్నీ కొత్తగా, నున్నగా గీశారు. మూలమైన ఆపిల్ 2 ప్రతిలో రంగులు పాత టీవీ సంకేతపు స్వభావం వల్ల ఏర్పడేవి. ఇవాళ్టి తెర మీద అదే ప్రోగ్రాం నడిపితే, ఆ స్వభావాన్ని కూడా లెక్కగట్టి అనుకరిస్తే తప్ప, ఆ రంగులు రావు. రెండు గంటల ప్రతి చెడ్డదని నేను అనను. అది పెంచి రాసిన కావ్యం. కాని మూలాన్ని ఎరగనివారు దాన్నే మూలమనుకుంటే ఇబ్బంది.

డాస్ ప్రతిలో మొదటి లెవెల్ తరువాత ఒక వింత గది వస్తుంది. నేల మీద వరుసగా సీసాలు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. ఆటతో పాటు అమ్మిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా మాట మొదటి అక్షరం చూసి ఆ సీసా తాగాలి. దొంగప్రతులను ఆపడానికి పెట్టిన కావలి అది. మా చేతికి వచ్చినవన్నీ దొంగప్రతులే గనుక పుస్తకం ఎవరి దగ్గరా లేదు. ఒక్కొక్క అక్షరం తాగి చూసి, పనిచేసినవాటిని నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాం. ఆటను మొదలుపెట్టేటప్పుడు 'ప్రిన్స్' పక్కన 'మెగాహిట్' అని టైపు చేస్తే కొన్ని రహస్య సదుపాయాలు వచ్చేవి. ఆ మాట మా ఊళ్లో సినిమా పోస్టర్ల నుంచే వచ్చిందని చాలాకాలం నమ్మాను.

ఇది సరదా కబురే గాని, ఇందులో విమర్శకు సంబంధించిన ప్రశ్న ఉంది. ఆ పుస్తకం రచనలో భాగమా, కాదా? భాగమే అయితే, ఆటను మాత్రమే భద్రపరిచినవారు సగం గ్రంథాన్నే భద్రపరిచారు.

మూలం ఎంత తేలిగ్గా పోతుందో చూడండి. మెక్నర్ స్వయంగా రాసిన ఆపిల్ 2 మూల ప్రోగ్రాం ఏళ్ల తరబడి కనిపించలేదు. ఎంత వెదికినా దొరకలేదు. 2012లో ఆయన తండ్రి ఇంట్లో ఒక పెట్టె దొరికింది. అందులో మూడున్నర అంగుళాల డిస్కులు. ఈ ఆటకు సంగీతం కూర్చింది ఆ తండ్రే కావడం విశేషం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చెందిన జేసన్ స్కాట్ వంటి పరిరక్షకుల సాయంతో, పాత యంత్రాలు తెప్పించి, డిస్కులను జాగ్రత్తగా చదివించారు. ఆ ఏడాది ఏప్రిల్లోనే ప్రోగ్రాం మొత్తాన్ని గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంచారు. ఆట తయారైన ఏళ్లలో మెక్నర్ రాసుకున్న దినచర్య కూడా పుస్తకంగా వచ్చింది. ఒక రచనకు మూలప్రతి, రచయిత దినచర్య, ఇన్ని పాఠాంతరాలు ఒకేచోట దొరకడం మన ప్రాచీన కవుల్లో ఎవరి విషయంలోనూ జరగలేదు.

ఎమ్యులేటర్ ఏమి కాపాడుతుంది?

ఎమ్యులేటర్ అంటే కొత్త యంత్రంలో పాత యంత్రాన్ని నటింపజేసే ప్రోగ్రాం. నాణేలు వేసి ఆడే ఆటల కోసం 1997లో మొదలైన మేమ్ వీటిలో పేరున్నది. 2015లో ఇంటర్నెట్ ఆర్కైవ్ సుమారు 2,400 డాస్ ఆటలను బ్రౌజర్లోనే ఆడుకునేలా పెట్టింది. ఒకప్పుడు ఫ్లాపీ ఇచ్చిన స్నేహితుడికి టీ ఇప్పించవలసి వచ్చిన నాకు ఇది ఎంత సంతోషమో మీరు ఊహించుకోవచ్చు.

అయినా ఒక అభ్యంతరం చెప్పాలి. చాలా ఎమ్యులేటర్లలో ఏ క్షణాన్నయినా ఆటను అలాగే నిలిపి దాచుకునే సౌకర్యం ఉంటుంది. అసలు ఆటలోనూ దాచుకోవడం ఉంది, కాని అది మూడో లెవెల్ నుంచి మాత్రమే. తిరిగి తెరిస్తే లెవెల్ మొదట్లోనే, అప్పటికి మిగిలిన నిమిషాలతోనే మొదలవుతుంది. ఎమ్యులేటర్లో అయితే ప్రతి గెంతుకు ముందూ కాలాన్ని ఆపుకోవచ్చు, తప్పితే వెనక్కి రావచ్చు. అప్పుడు గోడలు, ముళ్లు, నీడ అన్నీ ఉంటాయి, గంట మాత్రం ఉండదు. అక్షరం పొల్లుపోకుండా కాపాడిన ప్రతిలోనే రచన జారిపోయింది. సెల్‌ఫోన్ తెర మీద గీసిన మీటలతో ఆడితే దేహపు బరువు కూడా పోతుంది, ఎందుకంటే మీట ఎప్పుడు వదిలామో వేలికే తెలియదు.

దీనికి మంచి సమాధానం ఇచ్చింది అభిమానులే. డాస్ ప్రతిని విడదీసి చదివి, ఇవాళ్టి కంప్యూటర్లలో నడిచేలా 'ఎస్‌డీఎల్‌పాప్' పేరుతో తిరిగి కూర్చారు. మూలంలోని లోపాలకు సవరణలూ చేశారు. అయితే ఆ సవరణలను మూలంలో కలిపేయకుండా విడివిడిగా పెట్టారు. కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయవచ్చు. మంచి పరిష్కర్త తన దిద్దుబాటును మూలంలో కలపకుండా అధోజ్ఞాపికలో చూపుతాడని మీరు చదివారు కదా, ఇదీ అదే పద్ధతి.

అన్ని ఆటలకూ ఇంత అదృష్టం లేదు. 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అలాంటివాటిని పరిశోధకులకు దూరం నుంచే అందించే వెసులుబాటు గ్రంథాలయాలకు కావాలని కోరితే, 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. చదువుకోదలచిన వ్యక్తి ఆ గ్రంథాలయం గడప తొక్కవలసిందే. మీరు దూరవిద్యలో చదువుతున్నారు, ఈ షరతు అర్థం ఏమిటో మీకు విడమరచి చెప్పనక్కర్లేదు. దొంగప్రతులు తప్పని మనకు తెలుసు. ఆ శిక్షణ కేంద్రంలో మాకు ఈ ఆటను చేర్చింది ఆ దొంగప్రతులే అన్నదీ నిజమే. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టినప్పుడు నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

అభ్యాసం: డాస్ ప్రతిని ఏదైనా ఎమ్యులేటర్లో రెండుసార్లు ఆడండి. మొదటిసారి ఎక్కడా ఆపకుండా, రెండోసారి ఇష్టం వచ్చినచోట ఆపుకుంటూ. రెండుసార్లూ నాలుగో లెవెల్లోని అద్దం దగ్గరికి చేరేసరికి ఎన్ని నిమిషాలు మిగిలాయో రాసుకోండి. అద్దం ముందు నిలబడినప్పుడు మీకు కలిగిన భావంలో తేడా ఏమైనా ఉంటే 200 మాటల్లో వివరించండి. తేడా లేకపోతే, ఎందుకు లేదో వివరించండి.