మెట్‌పల్లి పాఠకుడు, రాజకీయ కాలమిస్టు

దినపత్రిక సంపాదకీయ పుటలో, ఒక స్థిరమైన శీర్షిక కింద, రచయిత సొంత పేరుతో క్రమం తప్పక వెలువడే వ్యాఖ్యా రచనను కాలమ్ అంటారు. పత్రిక అభిప్రాయాన్ని పేరు లేకుండా చెప్పే సంపాదకీయానికి భిన్నంగా, ఇందులోని అభిప్రాయం రాసినవారిదే. ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన అల్లం నారాయణ ఆంధ్రజ్యోతిలో తన కాలమ్‌కు కాళేశ్వరం వద్ద గోదావరిలో కలిసే ప్రాణహిత పేరు పెట్టుకుని, తెలంగాణ నుడికారాన్ని ఎడిట్ పేజీకి ఎక్కించడం చిన్న సంగతి కాదు. 2011లో మొదలైన నమస్తే తెలంగాణ దినపత్రికకు సంపాదకుడై, తెలంగాణ రాష్ట్రం వచ్చాక ప్రెస్ అకాడమీ అధ్యక్షుడైన ఆయన ప్రస్థానంలో ఈ వృత్తిలోని అసలు చిక్కు కూడా కనిపిస్తుంది: తెలంగాణ ఉద్యమాన్ని నిలబెట్టిన కలానికి, ఆ ఉద్యమమే ప్రభుత్వమయ్యాక, నిలబడే చోటు మారుతుంది.

కాలమిస్టు పనిని తూచే తక్కెడ రాజధానిలో కన్నా అదే ఉమ్మడి జిల్లాలోని మెట్‌పల్లి వంటి పట్టణాల్లోనే నికార్సుగా ఉంటుంది. పసుపు ధర, గల్ఫ్ వలస అక్కడ ఇంటింటి లెక్కలు. సమీపంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లేఆఫ్, అంటే పని ఆపి కార్మికులను పక్కన పెట్టడం, ప్రకటించిన సంగతి చెరుకు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ఫ్యాక్టరీ భాగంగా ఉన్న నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటాను ప్రభుత్వం 2002లో ప్రైవేటుపరం చేయడానికీ ఈ లేఆఫ్‌కూ నడుమ పార్టీలు ఇచ్చిన హామీలన్నిటినీ, పేజీ ప్రెస్సుకు వెళ్లేలోగా, నాలుగు పేరాల్లో వరుస తప్పకుండా చూపడమే, ఎన్నికల ప్రసంగాలు ఏనాడూ చేయని, కాలమిస్టు పనితనం.