ఒక బిషప్‌ను బాబాసాహెబ్ అడిగిన రెండు ప్రశ్నలు

సూరత్ నగరంలోని ఆల్థాన్‌లో ఆదివారం సాయంత్రం బుద్ధవందన అయ్యాక మేము ఒక గంట కూర్చుని చదువుకుంటాం. ఈమధ్య బాబాసాహెబ్ రచనల అయిదో సంపుటంలో క్రైస్తవం మీద ఉన్న వ్యాసాలు చదువుతుండగా, పాండేసరా రంగుల మిల్లులో పనిచేసే ఒక తెలుగు యువకుడు లేచి అడిగాడు: "అన్నా, మా అమ్మమ్మవాళ్ళది గుంటూరు లూథరన్ గుడి. మా నాన్నవైపువాళ్ళు ఒంగోలు బాప్టిస్టులు. ఇక్కడ మా వదిన పెంతెకొస్తు ప్రార్థనకు పోతుంది. అందరిదీ ఒకే యేసు, ఒకే బైబిలు. మరి ఇన్ని సంఘాలెందుకు?"

మాలో ఒకరు వెంటనే జవాబిచ్చారు: "అబద్ధం కాబట్టే అన్ని ముక్కలైంది." అందరం నవ్వాం. ఆ పిల్లవాడు నవ్వలేదు. నవ్వినవాళ్ళది తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

శాఖలు ఎక్కువైతే మతం అబద్ధమని తేలేటట్లయితే, ముందు మునిగేది మనమే. తథాగతుని తర్వాత సంఘం పద్ధెనిమిది నికాయాలైందని మన సంప్రదాయమే చెబుతుంది. కాబట్టి విమర్శ చేయదలిస్తే సరైన చోట చేయాలి. అందుకు ముందు అవతలివాళ్ళు ఏమి నమ్ముతారో, ఎక్కడ విడిపోయారో తెలియాలి.

క్రైస్తవుల్లో అత్యధికులు ఒప్పుకునే బోధ ఇది. లోకాన్ని సృష్టించిన దేవుడు ఒక్కడే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురిగా ఉన్న ఒకే దేవుడు. మనిషి పాపంలో పడ్డాడు, తన బలంతో తాను బయటపడలేడు. దేవుని కుమారుడు యేసుగా పుట్టి, మనిషి పాపం కోసం సిలువ మీద చనిపోయి, మూడో రోజున తిరిగి లేచాడు. ఆయన్ను నమ్మినవారికి పాపక్షమాపణ, నిత్యజీవం. నమ్మినవాడు దేవుణ్ణి పూర్ణహృదయంతోనూ, పొరుగువాణ్ణి తనలాగానూ ప్రేమించాలి. రోమన్ కేథలిక్కు నుంచి లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు దాకా ఇక్కడ పేచీ లేదు. పేచీ అంతా ఆ రక్షణ మనిషిని చేరే దారి గురించి, ఆ దారికి కాపలా ఎవరన్నదాని గురించి.

ఆ పేచీలను చూడటానికి మేము ఐరోపా పోనక్కరలేదు. ఆల్థాన్ నుంచి ఊరు దాటి కతార్‌గామ్ దర్వాజా వైపు వెళితే చాలు. అక్కడ ఆంగ్లేయుల శ్మశానం ఒకటి, డచ్చివారిది ఒకటి, ఆర్మేనియన్లది ఒకటి ఉన్నాయి. 1669లో చనిపోయిన జార్జ్ ఆక్సెండెన్ సమాధి, 1691లో చనిపోయిన డచ్చి అధికారి వాన్ రీడ్ సమాధి గుళ్ళంత పెద్దవి. ముగ్గురూ క్రైస్తవులే, ఒకే రేవులో వ్యాపారం చేసినవాళ్ళే. చచ్చాక మాత్రం ఎవరి గోడ వారిదే. దేశాలు వేరు కావడం అందుకు ఒక కారణం, సంఘాలు వేరు కావడం ఇంకొకటి.

క్రీస్తులో దైవత్వం, మానవత్వం రెండు స్వభావాలుగా ఉన్నాయని 451లో కాల్సిడాన్ మహాసభ తీర్మానిస్తే, ఆర్మేనియన్ సంఘం ఒప్పుకోలేదు. అది క్రీస్తు ఎవరన్న పేచీ. ఇంగ్లండు సంఘం 1534లో పోపును కాదని రాజును అధిపతిగా పెట్టుకుంది. అది పెత్తనం ఎవరిదన్న పేచీ. డచ్చివారిది కాల్విన్ మార్గంలోని సంస్కరణ సంఘం. ప్రభువు బల్లలో ఇచ్చే రొట్టె యేసు శరీరంగా మారుతుందని కేథలిక్కులు అంటారు. రొట్టె రొట్టెగానే ఉంటుంది, అందులోనే శరీరమూ నిజంగా ఉంటుందని లూథర్ అన్నాడు. శరీరం అలా రొట్టెలో ఉండదని సంస్కరణవాదులు అన్నారు. 1529లో మార్బర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ కూర్చుని ఎన్నో విషయాల్లో ఏకీభవించి, ఈ ఒక్కదాని దగ్గర విడిపోయారు. అది కృప ఏ ద్వారా వస్తుందన్న పేచీ.

తర్వాత మరో రెండు వచ్చాయి. పసిబిడ్డకు బాప్తిస్మం చెల్లదు, తెలిసి నమ్మినవాడినే నీటిలో ముంచాలని బాప్టిస్టులు. ఆ యువకుని బంధువుల్లో రెండోసారి బాప్తిస్మం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. బాప్టిస్టు లెక్కలో అది రెండోది కాదు, మొదటిదే. ఇక పరిశుద్ధాత్మ ఇప్పటికీ భాషలు మాట్లాడిస్తుంది, రోగం నయం చేస్తుందని పెంతెకొస్తువారు. 1906లో లాస్ ఏంజెలస్‌లోని అజూసా వీధిలో మొదలైన ఉజ్జీవం నుంచి ఆ గాలి లోకమంతా వీచింది.

ఇవేవీ బుద్ధిలేని తగాదాలు కావు. నమ్మినవాడికి ప్రాణంతో సమానమైన ప్రశ్నలు. కానీ ఇవి మన మాలపల్లె, మాదిగపల్లె అడిగిన ప్రశ్నలు కావు. ఒంగోలు దగ్గరి మాదిగ రైతుకూలీ ఏనాడైనా రొట్టె శరీరమా కాదా అని నిద్ర మానుకున్నాడా?

తెలుగునాట జరిగింది ఇది. 1842లో హేయర్ గుంటూరు చేరాడు కాబట్టి గుంటూరు లూథరన్ అయింది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు, ఒంగోలు పట్టారు. కెనడా బాప్టిస్టులు కాకినాడ, ఇంగ్లండు సంఘంవారు మచిలీపట్నం, వెస్లియన్ మెథడిస్టులు మెదక్. ఒకరి పొలంలో ఒకరు దున్నకూడదని మిషన్లు తమలో తాము ప్రాంతాలు పంచుకున్నాయి. తాత ఏ తాలూకాలో పుట్టాడన్నదే మనవడి సిద్ధాంతమైంది.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునక బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. అంతకు ముందు రెండేళ్ళ ఘోరమైన కరువు. మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని తీసుకుని కూలి ఇప్పించి ఎందరి ప్రాణాలో నిలబెట్టాడు. మాదిగలను చేర్చుకోకపోతే మేము వస్తామన్న పైకులాల మాటను ఆయన కాదన్నాడు కూడా. ఆ మేలును మేము తక్కువ చేయం. అయితే ఒంగోలు బాప్టిస్టు అంటే మాదిగ, గుంటూరు లూథరన్ అంటే మాల అని ఊళ్ళో చెప్పుకునే మాట కూడా అలాగే స్థిరపడింది. అది పూర్తిగా నిజం కాదు, రెండు సంఘాల్లోనూ రెండు కులాలూ ఉన్నాయి. కానీ మాటకు ఆధారం లేకపోలేదు. ఐరోపా గీసిన గీత, మనువు గీసిన గీత ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. 1935 అక్టోబరు 13న యేవలాలో, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావనని ఆయన ప్రకటించాక, అన్ని మతాలవారూ ఆయన వైపు చూశారు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య వారిలో ఒకరు. పుట్టుకతో తమిళుడు, పని చేసింది తెలుగు దళితుల మధ్య. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. అజరయ్య జీవితచరిత్రలో నమోదైన ప్రకారం, బాబాసాహెబ్ ఆయన్ను అడిగినవి రెండే. మేము క్రైస్తవులమైతే ఎక్కడ నివసించినా అందరం ఒకే సంఘంగా ఉండగలమా? కుల దురభిమానం నుంచి పూర్తిగా విముక్తులం అవుతామా? రెండింటిలో ఒక్కదానికీ అవునని చెప్పలేక సిగ్గుతో తలవంచుకోవాల్సి వచ్చిందని ఆ బిషప్పే ఒప్పుకున్నారు.

యేసు దేవుడా కాదా అని బాబాసాహెబ్ అక్కడ వాదించలేదు. న్యాయవాది అడిగినట్లు అడిగారు: ఈ ఒప్పందంలో మా జనానికి దక్కేది ఏమిటి? మేము చేయదలచిన విమర్శకు కూడా అదే సరైన చోటు.

క్రైస్తవులు మొదటి ప్రశ్నకు జవాబు వెతకలేదని అనకూడదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. అయ్యాయి. ఆ ఐక్యత కోసం జీవితమంతా పనిచేసిన అజరయ్య దాన్ని చూడకుండానే 1945లో కన్నుమూశారు. లూథరన్లు, బాప్టిస్టులు చేరలేదు. ఉత్తరాన 1970 నవంబరు 29న నాగపూర్‌లో సి.ఎన్.ఐ. ఏర్పడింది. మా గుజరాత్‌లో దాని కథ కోర్టుకెక్కింది. 1890లలో వలసాడ్‌కు వచ్చిన అమెరికా బ్రదరన్ మిషన్ సంఘం కూడా ఆ విలీనంలో ఉంది. గోదావరి బ్రదరన్‌లు వేరు, వీళ్ళు వేరు. కొంతకాలానికి కొందరు విలీనం చెల్లదన్నారు. తగాదా ఆస్తి మీదికి వచ్చింది. 2005లో సుప్రీంకోర్టు, ఇది పబ్లిక్ ట్రస్టు వ్యవహారం, సివిల్ కోర్టుది కాదు, ఛారిటీ కమిషనరు దగ్గరికి పొమ్మంది. 2013లో, పాత సొసైటీని చట్టప్రకారం రద్దు చేయనూ లేదు, ఆస్తిని బదిలీ చేయనూ లేదు కాబట్టి విలీనంతో ఆస్తి చేతులు మారలేదని తేల్చింది. ఆ తీర్పుల్లో త్రిత్వం గురించి వాదన లేదు. సొసైటీ రిజిస్ట్రేషన్, ట్రస్టు చట్టం, తీర్మానాల చెల్లుబాటు, ఇవే ఉన్నాయి. ప్రార్థనలో కలిసినవాళ్ళను పట్టా విడదీసింది.

రెండో ప్రశ్న ఇంకా కఠినమైనది. పదహారో శతాబ్దం నుంచి ఈ దేశంలో వేళ్ళూనుకున్న కేథలిక్ సంఘంలో మొదటి దళిత కార్డినల్ రావడానికి 2022 ఆగస్టు 27 దాకా పట్టింది. ఆయన మన తెలుగువాడే, హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని. సంతోషించాల్సిన విషయమే. అంతకాలం ఎందుకు పట్టిందో అడగాల్సిన విషయం కూడా.

మా విమర్శ ఇక్కడే. రక్షణ మరొకరు ఇచ్చేది, మనిషి అందుకునేది అన్నప్పుడు, ఇచ్చే చేయి ఎవరిదన్న తగాదా తప్పదు. పోపుదా, బిషప్‌దా, పాస్టరుదా? బుద్ధుడు తనను మోక్షదాతగా కాక మార్గదాతగా మాత్రమే చెప్పుకున్నాడని బాబాసాహెబ్ నొక్కి చెప్పారు. రెండోది, పాపం ఆత్మకు అంటిన మచ్చ అయినప్పుడు, పక్కవాడితో కలిసి తినకపోవడం పాపాల పట్టికలో చివరికి జారిపోతుంది. బాప్తిస్మం పాపాన్ని కడిగిందన్నారు, పల్లె మధ్య గీతను కడగలేదు.

ఇంతవరకు చెప్పి ఆపితే చప్పట్లు వస్తాయి. కానీ మేము కుల ధ్రువపత్రాల దరఖాస్తులు నింపిపెట్టే పని చేస్తాం. కొన్నేళ్ళ కిందట ఒక తెలుగు తల్లి కొడుకు చదువు కోసం వచ్చి, మతం దగ్గర హిందూ అని రాయమంది. మెడలో సిలువ ఉంది. "దేవుడి దగ్గర ఒకటి, ఆఫీసు దగ్గర ఒకటా అమ్మా?" అన్నాం. ఆమె కొంగు సర్దుకుని సిలువ కప్పుకుంది. ఆ మాట ఎందుకన్నామా అని ఇప్పటికీ అనుకుంటాం.

ఎందుకంటే చట్టం మాకు తెలుసు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను ఇప్పటికీ చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులకు దక్కింది బీసీ-సీ కింద ఒక్క శాతం. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా అంతే తీవ్రమైన వివక్ష ఉందని రుజువు చేయాలంది. సంఘంలో కులం పోలేదని మనమే వాళ్ళను వేలెత్తి చూపుతాం. కులం పోయిందని ఉత్తర్వు వాళ్ళ హక్కు తీసేస్తుంది. రెండు వైపుల నుంచీ దెబ్బ తినేది ఆ తల్లి. మనం ధమ్మంలోకి వచ్చి కూడా ధ్రువపత్రం నిలబెట్టుకున్నవాళ్ళం. ఆమె విశ్వాసాన్ని దాచుకోవడాన్ని చూసి నవ్వే హక్కు మనకు లేదు.

పైగా గుజరాత్‌లో ఒకే గుమ్మం ముందు అందరం నిలబడుతున్నాం. 2024 ఏప్రిల్ 8న రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బౌద్ధం వేరే మతమే, హిందూ మతం నుంచి అందులోకి రావాలన్నా 2003 నాటి చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి. బౌద్ధం వేరే మతమని ఒప్పుకున్నందుకు మనలో కొందరు సంతోషించారు. మనస్సాక్షికి కలెక్టరు సంతకం ఎందుకన్న ప్రశ్న మాత్రం మనకూ, ఆ పెంతెకొస్తు వదినకూ ఒకటే.

ఇక బాబాసాహెబ్ ప్రశ్నలను మన వైపు తిప్పుకుందాం. ఎక్కడ నివసించినా మనం ఒకే సంఘమా? నాగార్జునకొండ లోయలో ఒక్కొక్క నికాయానికి ఒక్కొక్క విహారం ఉండేది. అపరమహావినసేలియులకు ఒకటి, బహుశ్రుతీయులకు ఒకటి, మహీశాసకులకు ఒకటి, సింహళ భిక్షువులకు ఒకటి. కతార్‌గామ్ దర్వాజా గోడలను చూసి నవ్వేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. తేడా ఏమిటంటే ఆ విహారాల్లో చాలావాటికి ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీలే, ఏ నికాయమని చూడకుండా, దానాలిచ్చారు. మరి సూరత్‌లో మరాఠీ బౌద్ధులు ఒకచోట, గుజరాతీ బౌద్ధులు ఒకచోట, తెలుగువాళ్ళం ఒకచోట వందన చేస్తున్నాం. భాష కోసమని చెప్పుకుంటాం. బుద్ధవందన అందరిదీ పాలీలోనే కదా?

రెండో ప్రశ్న. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు వచ్చాక మా సమావేశంలో కూడా మాలలు ఒకవైపు, మాదిగలు ఒకవైపు కూర్చున్న రోజు ఉంది. త్రిశరణాలు, పంచశీల కలిసే చెప్పాం. చాప మాత్రం రెండుగా మడిచాం. వర్గీకరణపై ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. కానీ పెళ్ళి సంబంధం దగ్గర ఎంతమందిమి ఆ గీత దాటాం? ఆ ప్రశ్నకు అజరయ్య తలవంచుకున్నారు. మనం ఇంకా తలవంచుకోవడం కూడా నేర్చుకోలేదు.

ఆ యువకునికి మేము మరుసటి ఆదివారం ఇచ్చిన జవాబు చిన్నది. మీ వాళ్ళ సంఘాలు వేరైంది కొంత సిద్ధాంతం వల్ల, కొంత మిషన్లు గీసుకున్న హద్దుల వల్ల, కొంత ఆస్తి వల్ల, చాలావరకు మన కులం వల్ల. మొదటి మూడూ వాళ్ళు తేల్చుకోవాల్సినవి. నాలుగోది వాళ్ళదీ మనదీ. మీ అమ్మమ్మ గుడికి పో, వదిన పెట్టిన అన్నం తిను. ధమ్మం గురించి అడిగితే చెప్పు. వాళ్ళు నిన్ను ఆ రెండు ప్రశ్నలూ అడిగే రోజు వస్తుంది, అప్పటికి మనం జవాబుతో ఉండాలి.

ఆ రోజు చాపలన్నీ కలిపి పరిచాం. అది జవాబు కాదు, మొదలు.

జై భీమ్. నమో బుద్ధాయ.