భక్తి నిలిపిన తెలుగు

ఆంధ్రదేశానికి దూరమైన మన తెలుగును భక్తే కాపాడిందంటారు. మెలట్టూరులో నరసింహ జయంతికి వెంకటరామశాస్త్రిగారి ‘ప్రహ్లాద చరిత్రము’ చూశాక అది సగం నిజమేననిపించింది. సుమారు 400 ఏళ్ళ క్రితం తంజావూరు ప్రభువు అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు దానమిచ్చాడని చెప్పే ఊరది.

లీలావతి వేషం కట్టినది పురుషుడే. అయినా తల్లి దుఃఖం ఎక్కడా కృతకమనిపించలేదు. దరువులో తెలుగు స్పష్టంగా పలికింది. దరువు ముగియగానే నా పక్కనున్న కుర్రవాడు తాతను అర్థమడిగాడు, తమిళంలో. “సామి కథ” అని ఊరుకున్నాడాయన, తమిళంలోనే.

ఆ ఊరిని తప్పు పట్టను. ఏటా స్వామి ముందు ఆడాలన్న నియమమే లేకపోతే ఈ నాటకం మనదాకా వచ్చేది కాదేమో. కాని భక్తి నాటకాన్ని నిలిపింది. ఇంట్లో మాటను నిలపలేకపోయింది. ఆ పని దేవుడిది కాదు, మనది.