ఎర్రగా ఉంటే చాలదు

పిల్లలకోడిని, గొల్లకావడిని చూడ్డానికి ఏ సరంజామా అక్కర్లేదు. పొలం కాడ పండుకున్న తాతలు వాటిని చూసే ఎంత రాత్రయిందో చెప్పేవాళ్లు. బైనాక్యులర్ పట్టి గొల్లకావడి కింది మసక నెబ్యులా వెంట, ఆ తర్వాత అంతకన్నా మసకవాటి వెంట పడితేనే పటం కావాలి. పటం చదవాలంటే లైటు కావాలి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది. సెల్‌ఫోన్ ఒక్కసారి భగ్గుమంటే ఆ అరగంట గంగలో కలిసినట్టే.

కేస్లాపూర్‌లో మెస్రం వంశస్థులు నాగోబాకు మహాపూజ చేసే పుష్య అమావాస్య ఈ పనికి మంచి రాత్రి. గొల్లకావడి దాదాపు నడినెత్తికొస్తుంది. అంతదూరం పోలేకపోతే ఎల్గందల్ దాటి పడమరకు వెళ్లండి, కరీంనగర్ వెలుగు వెనకబడుతుంది.

మసక వెలుతురులో మనకు చూపునిచ్చేవి కంటిలోని దండకణాలు. వాటిలోని రొడాప్సిన్ 500 నానోమీటర్ల దగ్గరి నీలి ఆకుపచ్చకు ఇట్టే స్పందిస్తుంది, 640 దాటిన ఎరుపును దాదాపు పట్టించుకోదు. అందుకే ఎర్ర లైటు. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టేస్తే అయిపోయిందనుకుంటారు చాలామంది. నాకది నచ్చదు. ఆ కాగితంలోంచి వేరే రంగులూ జారుతాయి, పైగా మోతాదు మించితే ఎరుపైనా కంటిని చెడగొడుతుంది.

రేడియోలు బాగుచేసే దుకాణంలో ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక రెసిస్టర్ కొనండి. రెండు పెన్సిల్ సెల్లులు 3 వోల్టులు ఇస్తాయి, ఎల్‌ఈడీ దాదాపు 1.8 వాడుకుంటుంది. మిగతా 1.2 వోల్టులకు 220 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 5 మిల్లీఆంపియర్లు పారి కళ్లు జిగేల్మంటాయి. 4.7 కిలో ఓమ్‌లది అడగండి, పావు మిల్లీఆంపియరే పారుతుంది. "ఇంత గుడ్డిగ వెలిగితే దేనికి పనికొస్తది సార్?" అంటాడు దుకాణదారు. మనకు కావాల్సింది ఆ గుడ్డివెలుగే. ఎల్‌ఈడీ నెత్తిని గరుకు కాగితంతో రుద్దితే వెలుతురు పటమంతా సమానంగా పరుచుకుంటుంది.

వినాయక చవితి సీరియల్ సెట్టులోంచి పీకిన బల్బయితే పాత సీడీ మీద దాని వెలుగు పడేసి చూడండి. పచ్చ, నీలం చారలు తేలాయా, అది ఎర్ర తొడుగేసుకున్న తెల్లబల్బే.

పటం మీద గుర్తులు మాత్రం ఎర్ర పెన్సిల్‌తో పెట్టకండి. ఎర్ర వెలుగులో ఎర్ర గీత కాగితంలో కలిసిపోతుంది. గెలాక్సీలను ఎర్రగా అచ్చేసిన పటాలూ ఉంటాయి, అవి పగలు చూసుకోవడానికే.