నీక్రో వారి ఇంటి విద్య

అమెరికన్ బేస్‌బాల్ చరిత్రలో అన్నదమ్ముల గెలుపులు కలిపి లెక్క వేస్తే అందరికంటే పైన ఉండేది ఫిల్ నీక్రో, జో నీక్రో. అన్న ఖాతాలో 318, తమ్ముడి ఖాతాలో 221, మొత్తం 539. తర్వాతి స్థానం పెర్రీ సోదరులది, 529. ఈ ఆటలో బంతి విసిరేవాడు పిచర్. గెలుపుకు కారణమైన ఆధిక్యం వచ్చే సమయానికి ఎవరు బంతి వేస్తున్నారో చూసి, ఆ గెలుపును ఆ పిచర్ పేరున రాస్తారు. ఈ లెక్కలో మూడు వందలు దాటినవాళ్లు చరిత్ర మొత్తం మీద పాతిక మంది కూడా లేరు. అయినా నీక్రోలిద్దరిలో ఎవరూ వేగానికి పేరుపడ్డవాళ్లు కారు. వాళ్ల బతుకుతెరువు నాన్న దగ్గర పెరట్లో చూసి నేర్చుకున్న ఒకే ఒక్క బంతి. దాని పేరు నకుల్ బాల్.

నాన్న పేరు కూడా ఫిల్ నీక్రోనే. ఒహాయో రాష్ట్రంలోని లాన్సింగ్ అనే చిన్న ఊళ్లో బొగ్గు గని కార్మికుడు, పోలండ్ మూలాలున్న కుటుంబం. సెలవు రోజుల్లో గని జట్టు తరఫున ఆడేవాడు. మొదట్లో వేగంగానే వేసేవాడు. భుజం దెబ్బతిన్నాక ఆ వేగం పోయింది. అప్పుడు తోటి కార్మికుడొకరు నకుల్ బాల్ పట్టు చూపించాడు. ఆ పట్టును ఆయన పెద్ద కొడుక్కి ఇచ్చాడు. చిన్నవాడు జో చేతులు అప్పటికి ఆ పట్టుకు చాలలేదు. బలంతో పనిలేని విద్య అది. అయితే దాన్ని మచ్చిక చేసుకోవాలంటే ఏళ్లు పడుతుంది. 1958లో మిల్వాకీ బ్రేవ్స్ జట్టు 500 డాలర్ల బోనస్ ఇచ్చి ఫిల్‌ను చేర్చుకుంది. అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో తొలి బంతి వేసే అవకాశం రావడానికి 1964 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంతకీ ఈ బంతిలో ఉన్న మర్మమేమిటి?

మామూలు పిచర్ బంతిని వేళ్లతో గట్టిగా తిప్పి వదులుతాడు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఫాస్ట్‌బాల్ నిమిషానికి రెండు వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. పిచర్ చేతి నుంచి బ్యాటర్ దాకా వెళ్లేలోపు అది పదిహేను చుట్లు తిరిగేస్తుంది. నకుల్ బాల్ వేసేవాడి ప్రయత్నం దీనికి పూర్తిగా తలకిందులు. బంతి తిరగకూడదు. తొలిరోజుల్లో వేలి కణుపులు ఆనించి వేసేవాళ్లు. తర్వాతి తరాలవాళ్లు చూపుడు వేలు, మధ్యవేలు కొసలను కుట్టు పక్కనే గోళ్లు దిగేలా నొక్కిపట్టారు. బొటనవేలు, ఉంగరపు వేలు పక్కల నుంచి ఆసరా ఇస్తాయి. మణికట్టు బిగదీసి ఉంచాలి, చివర్లో విదల్చకూడదు. బంతిని విసురుతున్నట్టు కాకుండా ముందుకు తోస్తున్నట్టు వదలాలి. పద్ధతి కుదిరితే అరవై అడుగుల ఆరంగుళాల దూరంలో ఆ బంతి అరచుట్టు నుంచి చుట్టున్నర దాకా మాత్రమే తిరుగుతుంది. వేగం గంటకు 105 నుంచి 115 కిలోమీటర్లు. వేగాన్ని బట్టి చూస్తే మేజర్ లీగ్ బ్యాటర్లు బాదడానికి ఎదురుచూసే బంతి. అయినా బ్యాటు తీసుకొచ్చేసరికి అది అక్కడ ఉండదు.

కారణం కుట్లలో ఉంది. బేస్‌బాల్ మీద ఎర్రదారంతో 108 జంట కుట్లు ఉంటాయి. బంతి జోరుగా తిరిగినప్పుడు వాటి ప్రభావం అన్ని వైపులా సమానమై, దారి ముందే ఊహించేలా ఉంటుంది. నెమ్మదిగా తిరిగినప్పుడు అలా కాదు. ఒక క్షణం కుట్టు ఒకవైపు గాలిని చెదరగొడుతుంది, మరుక్షణం ఆ కుట్టు ఇంకోవైపుకు జరుగుతుంది. బంతిని పక్కకు నెట్టే బలం దానితోపాటే దిశ మార్చుకుంటుంది. టులేన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ వాట్స్, ఎరిక్ సాయర్ విండ్ టన్నెల్‌లో బంతిని పెట్టి ఈ బలాన్ని కొలిచారు. 1975లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బంతి బొత్తిగా తిరగకపోయినా లాభం లేదని, ఒక్క దిక్కుకే వంగి ఊరుకుంటుందని వాళ్లు తేల్చారు. కొంచెం తిరగాలి, కొంచెమే తిరగాలి. అప్పుడది తెగిన గాలిపటంలా ఎటు ఒరుగుతుందో వేసినవాడికీ తెలియదు.

ఆ కొలత తప్పితే శిక్ష కూడా వెంటనే పడుతుంది. 2006 ఏప్రిల్‌లో టెక్సాస్ రేంజర్స్ పిచర్ ఆర్.ఏ. డికీ నకుల్ బాల్‌ను నమ్ముకుని తొలిసారి మ్యాచ్ మొదలుపెట్టాడు. డెట్రాయిట్ బ్యాటర్లు ఆయన బంతుల్లో ఆరు హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, కొట్టారు. గింగిరాలు తిరిగే నకుల్ బాల్ అంటే నెమ్మదిగా, తిన్నగా, నడుము ఎత్తులో వచ్చే బంతి అన్నమాట. అంతకంటే సులువైనది బ్యాటర్‌కు దొరకదు.

బ్యాటర్ కష్టం ఒక ఎత్తు, వెనక కూర్చున్న క్యాచర్ కష్టం ఇంకో ఎత్తు. పట్టాల్సిన బంతి క్యాచర్ చేజారి రన్నర్లు ముందుకు కదిలితే దాన్ని పాస్డ్ బాల్ అంటారు. క్రికెట్‌లో కీపర్ వదిలేస్తే వచ్చే బైస్ లాంటిదే. 1945లో వాషింగ్టన్ సెనేటర్స్ జట్టులో నలుగురు నకుల్ బాల్ పిచర్లుండేవారు. ఆ నలుగురి బంతులూ ఎక్కువగా రిక్ ఫెరెల్ అనే క్యాచర్ చేతుల మీదుగానే నడిచాయి. 1960లో బాల్టిమోర్ మేనేజర్ పాల్ రిచర్డ్స్ ఈ బంతి కోసమే పెద్ద సైజు గ్లవ్ తయారు చేయించాడు. 1965కల్లా గ్లవ్ చుట్టుకొలత 38 అంగుళాలు మించకూడదని నిబంధన వచ్చింది. 2006 మే 1న జరిగిన సంగతి ఇంకా విచిత్రం. బోస్టన్ జట్టులో టిమ్ వేక్‌ఫీల్డ్ నకుల్ బాల్‌ను కొత్త క్యాచర్ పట్టలేకపోతుంటే, వేరే జట్టుకిచ్చేసిన పాత క్యాచర్ డగ్ మిరబెల్లిని శాన్‌డియేగో నుంచి హడావుడిగా వెనక్కి తెప్పించారు. ఆయన విమానం దిగి పోలీసు కారెక్కి, అందులోనే జెర్సీ మార్చుకుని, మ్యాచ్ మొదలయ్యే వేళకు మైదానం చేరాడు.

ఫిల్ నీక్రో కథ కూడా క్యాచర్ వల్లే మలుపు తిరిగింది. 1967లో ఆయన బంతులు పట్టడానికి బాబ్ యుకర్ వచ్చాడు. చేజారితే నింద నాది, నువ్వు మాత్రం ఆ బంతి వేయడం ఆపకు అన్నది యుకర్ పద్ధతి. ఆ సీజన్‌లో మేజర్ లీగ్‌లో ఒక సగమైన నేషనల్ లీగ్‌లో ఎక్కువ పాస్డ్ బాల్స్ యుకర్‌వే. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున అందరికంటే తక్కువ, 1.87 పరుగులు ఇచ్చింది ఫిల్. నకుల్ బాల్ పట్టాలంటే అది దొర్లడం ఆగేదాకా చూసి తర్వాత వెళ్లి తీసుకోవడమే మార్గమని యుకర్ జోకు. ఆ తర్వాత కామెంటేటర్‌గా మారాక కూడా ఆ జోకు ఆయన్ను వదల్లేదు.

తమ్ముడు జో మొదట ఫాస్ట్‌బాల్, స్లైడర్ లాంటి మామూలు బంతులతోనే నెట్టుకొచ్చాడు. షికాగో, శాన్‌డియేగో, డెట్రాయిట్ తిరిగి 1973లో, అప్పటికే అట్లాంటాకు మారిన బ్రేవ్స్‌లో అన్న దగ్గరికి చేరాక ఇంటి విద్యను మనసుపెట్టి సాధన చేశాడు. 1975లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఆయన్ను 35 వేల డాలర్లకు కొనుక్కుంది. ఆ జట్టు తరఫున ఆయన సాధించిన 144 గెలుపులు ఇప్పటికీ క్లబ్ రికార్డు. 1979లో అన్నదమ్ములిద్దరూ చెరో 21 గెలుపులతో నేషనల్ లీగ్‌లో సమానంగా మొదటి స్థానంలో నిలిచారు. ఫిల్‌కు అప్పుడు నలభై ఏళ్లు. అదే ఏడాది ఆయన ఓటములు కూడా 20, లీగ్‌లో అవీ అందరికంటే ఎక్కువే. బలహీనమైన జట్టు కోసం ఎన్ని ఇన్నింగ్స్ మోశాడో ఆ రెండంకెలే చెబుతాయి.

జో 22 సీజన్లలో కొట్టిన హోమ్ రన్ ఒక్కటే. 1976 మే 29న అట్లాంటాలో కొట్టాడు. బంతి వేసింది అన్నయ్య. హ్యూస్టన్ 4-3తో గెలిచింది, గెలుపు తమ్ముడి ఖాతాలో పడింది.

గోళ్లు ఈ విద్యకు పనిముట్లు. విరిగితే పట్టు పోతుంది, పొడవైతే బంతి తిరుగుతుంది. అందుకే గోరు అరగదీసే ఆకురాయి ఈ పిచర్ల జేబులో ఉండేది. 1987 ఆగస్టు 3న మిన్నెసోటా ట్విన్స్ తరఫున అనహైమ్‌లో ఆడుతుండగా జో బంతిని గీరుతున్నాడని అంపైర్లకు అనుమానం వచ్చింది. జేబులు చూపించమన్నారు. ఆయన జేబులు బయటికి లాగుతూ చేతులు విసిరేసరికి ఆకురాయి ఎగిరి నేలమీద పడింది. గరుకు కాగితం ముక్క కూడా దొరికింది. గోళ్ల కోసమేనని జో వాదించినా పది రోజుల నిషేధం తప్పలేదు. అదే సీజన్ చివర్లో ట్విన్స్ టైటిల్ పోరైన వరల్డ్ సిరీస్ గెలిచింది. నలభై రెండేళ్ల జోకు అదే మొదటి వరల్డ్ సిరీస్. అన్న ఫిల్ మాత్రం 24 సీజన్లు ఆడి కూడా ఆ మెట్టు ఎక్కలేదు.

ఫిల్ మూడువందలవ గెలుపు 1985 అక్టోబర్ 6న వచ్చింది. అప్పటికి ఆయన వయసు 46. న్యూయార్క్ యాంకీస్ తరఫున టొరంటోలో సీజన్ చివరి మ్యాచ్ అది. తండ్రి ఆసుపత్రిలో తీవ్ర అనారోగ్యంతో ఉన్నాడు. తమ్ముడు అదే జట్టులో ఉన్నాడు. ఆ రోజు ఫిల్ చివరి బ్యాటర్ దాకా ఒక్క నకుల్ బాల్ కూడా వేయలేదు. మిగతా బంతులతోనే మ్యాచ్ నడిపాడు. చివరి బ్యాటర్ జెఫ్ బరోస్‌ను మాత్రం నకుల్ బాల్‌తోనే అవుట్ చేశాడు. 8-0. నలభై ఆరేళ్ల వయసులో ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ ముగించడం అప్పటికి రికార్డు. నలభై దాటాక ఆయన గెలిచినవే 121. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. జో 2006లో, ఫిల్ 2020లో కన్నుమూశారు.

ఈ బంతి విలువ ఇక్కడే ఉంది. భుజానికి భారం తక్కువ కాబట్టి వయసును, గాయాన్ని తట్టుకుంటుంది. వేగం లేనివాడికి, పోయినవాడికి రెండో జీవితం ఇస్తుంది. వేక్‌ఫీల్డ్ 1988లో ఎంపికైంది పిచర్‌గా కాదు, ఫస్ట్ బేస్‌మన్‌గా. ఆయనకీ ఈ బంతి పరిచయం చేసింది పెరట్లో నాన్నే. 1995లో పిట్స్‌బర్గ్ జట్టు ఆయన్ను వదిలేశాక నీక్రో సోదరులు దగ్గరుండి లోపాలు సరిదిద్దారు. ఆ ఏడు బోస్టన్‌లో 16 మ్యాచ్‌లు గెలిచాడు. మొత్తం 200 గెలుపులతో రిటైరయ్యాడు. మోచేతిలో ఉండాల్సిన ముఖ్యమైన లిగమెంటే లేని డికీ, పాతతరం నకుల్ బాల్ పిచర్ ఛార్లీ హఫ్ దగ్గర పట్టు దిద్దుకుని, ఫిల్ దగ్గరా వేక్‌ఫీల్డ్ దగ్గరా మెళకువలు అడిగి తెలుసుకుని, 2012లో 20 గెలుపులతో ఏటా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. నకుల్ బాల్ పిచర్‌కు ఆ అవార్డు రావడం అదే మొదలు. ఆరు హోమ్ రన్లు ఇచ్చిన డికీయే ఈ డికీ. జపాన్ అమ్మాయి ఎరి యోషిదా వేక్‌ఫీల్డ్ వీడియో చూసి నేర్చుకుని, 2008లో పురుషుల ప్రొఫెషనల్ జట్టుకు ఎంపికైంది.

తెలుగు క్రికెట్ అభిమానులకూ ఈ పేరు కొత్తదేం కాదు. 2011 ప్రపంచకప్‌లో జహీర్ ఖాన్ నకుల్ బాల్ వేశాడు. సన్‌రైజర్స్ హైదరాబాద్ రోజుల్లో భువనేశ్వర్ కుమార్ చేతి నుంచి అది రావడం ఉప్పల్‌లో చూసినవాళ్లున్నారు. పట్టు బేస్‌బాల్ నుంచి వచ్చిందే, వాడుక మాత్రం వేరు. క్రికెట్‌లో అది చేతి వేగం తగ్గనట్టు చూపించి బ్యాటర్‌ను ముందే బ్యాట్ ఊపించే స్లో బాల్. గాల్లో ఊగిసలాడటం అక్కడ ముఖ్యం కాదు.

ఇంటి విద్య అంటే వారసులకు రావాలని రూలేం లేదు. జో కొడుకు లాన్స్ నీక్రో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు ఫస్ట్ బేస్‌మన్‌గా ఆడాడు. బ్యాటర్‌గా కెరీర్ ఆగిపోయాక 2009లో మైనర్ లీగ్‌లో నకుల్ బాల్ పిచర్‌గా ప్రయత్నించాడు గానీ మేజర్ లీగ్ దాకా రాలేకపోయాడు. ఇప్పటి క్లబ్బులు కుర్రాళ్లను ఎంచేది ముందు వేగం చూసే. నకుల్ బాల్ వేసేవాడు నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది, అన్నాళ్లు క్యాచర్ తిట్లు భరించాలి, అతని తప్పు సరిదిద్దగల కోచ్ పక్కన దొరకడం అరుదు. అందుకే ఇటీవలి కాలంలో మేజర్ లీగ్‌లో ఈ బంతిని ఆయుధంగా వాడిన పిచర్‌గా 2023లో శాన్‌డియేగో పాడ్రెస్ తరఫున అడుగుపెట్టిన మాట్ వాల్డ్రన్ పేరే ఎక్కువగా వినిపించింది. నీక్రోలు, హఫ్, వేక్‌ఫీల్డ్ ఒకరికొకరు ఉచితంగా చెప్పుకున్న మెళకువలను క్లబ్బులు జీతమిచ్చి నేర్పించాలి. ఒక్క కోచ్ జీతంతో, ఒక పెద్ద గ్లవ్‌తో అయ్యే పని అది.